పేషెంటు తాలూకు పెద్ద

ఇవాళ మీ డ్యూటీలో "పేషెంటు తాలూకు పెద్ద ఎవరు?" అని ఎంతమందిని అడిగారు? అలా అడిగినప్పుడు పేషెంటు మీకు ఎంత దూరంలో ఉన్నాడు? మెలకువగా ఉన్నాడా? మీ మాట అతనికి వినిపించిందా?

ఆసుపత్రి పరిపాలన చదివి, మెడలో కొత్త ఐడీ కార్డు వేసుకుని, కాజువాలిటీ ముందు నిలబడుతున్న మిమ్మల్నే అడుగుతున్నాను. జవాబు నాకు చెప్పనక్కర్లేదు, నాకు తెలుసు. ఆ ప్రశ్నను మీ నోట్లో పెట్టినవాళ్ళలో నేనూ ఒకదాన్ని.

విజయవాడలో వన్ టౌన్ దాటాక కాలువ పక్కన ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. రిసెప్షన్‌లో మొదలుపెట్టాను. ఆ తర్వాత నాణ్యతా విభాగం చూశాను. చివరికి పరిపాలన మొత్తం నా చేతికి వచ్చింది. ఏ ఏడాది ఏ కుర్చీ ఎక్కానో ఇక్కడ రాయను. ఆ చరిత్రకు రిటైరైన రోజున కప్పిన శాలువా చాలు. నేను రాయదలచుకున్నది ఒక మాట గురించి. ఆ మాట వల్ల ఒక మనిషికి ఏం పోయిందో, ఆ తర్వాత కూడా నేను దాన్ని ఎందుకు ఆపలేదో రాస్తాను.

మా నాన్న కంకిపాడులో బడిపంతులు. ఆదివారం పొద్దున చర్చికి వెళ్ళేవాడు. సాయంత్రం దేవుడు ఉన్నాడా లేడా అన్న చర్చ వినడానికి నన్ను వెంటబెట్టుకుని విజయవాడ బస్సెక్కేవాడు. "రెండు వైపులా విను, తర్వాత మాట్లాడు" అనేవాడు. అందులో మొదటి సగం నేను త్వరగానే మర్చిపోయాను. రెండో సగం మాత్రం బాగా వంటబట్టింది. కాలేజీలో "వయసొచ్చిన స్త్రీకి సంరక్షకుడెందుకు?" అన్న అంశం మీద మాట్లాడి షీల్డు గెలిచాను. అది ఇప్పటికీ మా ఇంట్లో టీవీ పక్కనే ఉంది. ఈ మధ్య దాని వైపు చూడటం మానేశాను.

గోల

డెల్టా మనుషులు ఆసుపత్రికి ఒంటరిగా రారు. పేషెంటు ఒకడైతే వెంట వ్యానుకు సరిపడా జనం వస్తారు. వాళ్ళలో సగం మంది ప్రేమతో వస్తారు. మిగతా సగం రాకపోతే మాట పడాల్సి వస్తుందని వస్తారు. అందరికీ నోరుంటుంది, అందరికీ హైదరాబాద్‌లో తెలిసిన డాక్టరుంటాడు.

ఒకసారి పక్షవాతం వచ్చిన ముసలి రైతును తీసుకొచ్చారు. పెద్దకొడుకు ఐసీయూలో పెట్టమన్నాడు. రెండోవాడు హైదరాబాద్ తీసుకెళ్దామన్నాడు. అల్లుడు ఎవరికో ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, మా డాక్టరు ముఖం ముందు పట్టుకున్నాడు.

"సంతకం నేను పెట్టనండీ. రేపు అటూ ఇటూ అయితే నన్నంటారు," అన్నాడు పెద్దకొడుకు.

"పెట్టకపోతే ఇప్పుడంటాం," అన్నాడు తమ్ముడు.

మాట మాట పెరిగి, చెయ్యి చెయ్యి కలిసి, మందుల కౌంటర్ అద్దం పగిలింది. ఆ సేపంతా ముసలాయన దగ్గర ఒక్కరూ లేరు. కళ్ళు తెరుచుకునే ఉన్నాడు.

మా ఛైర్మన్ శేషగిరి గారు సర్జన్. చేతి పనిలో ఆయనకు సాటి వచ్చేవాళ్ళను నేను చూడలేదు. గాజు పెంకుల మధ్య నిలబడి నాతో అన్నారు: "చూడమ్మా, నాకు ఆపరేషన్ చెయ్యడం వచ్చు, పంచాయతీ చెయ్యడం రాదు. ఒక్కడితో మాట్లాడేటట్టు చూడు. వాడు చెప్పిందే మాట."

నేను చూశాను.

పచ్చ కార్డు

అంతకుముందు కూడా మేం బంధువులను పిలిచేవాళ్ళం. "ఫలానా పేషెంటు తాలూకు ఎవరండీ?" అని కాజువాలిటీ గుమ్మంలో నిలబడి కేకేసేవాళ్ళం. ఆ కేక మన రాష్ట్రంలో ఏ ఆసుపత్రిలోనైనా వినిపిస్తుంది. దానికి నేను ఇంకో మాట చేర్చాను. పేషెంటు చేరగానే అతని తరఫు మనిషిని ఒక్కరినే గుర్తించాలి, మెడలో పచ్చ కార్డు వెయ్యాలి. కార్డు మీద పెద్దక్షరాలతో "పెద్ద" అని ఉంటుంది. డాక్టరు మాట్లాడేది అతనితోనే, నిర్ణయం చెప్పేది అతనే, బిల్లు చూసేదీ అతనే. ఇంగ్లీషు మాట కాకుండా అచ్చ తెలుగు మాట పెట్టినందుకు గర్వపడ్డాను కూడా.

మొదటివారంలోనే వన్ టౌన్ నుంచి ఒక పప్పుల వ్యాపారి తల్లిని తీసుకొచ్చాడు. వెంట తమ్ముడు కూడా ఉన్నాడు. ఇద్దరూ చెరో గోడకు ఆనుకుని నిలబడ్డారు.

"పేషెంటు తాలూకు పెద్ద ఎవరండీ?" అన్నాను.

"ఆ సంగతి కోర్టులో ఉంది మేడమ్. మీరు కౌంటర్లో తేల్చెయ్యమంటున్నారు!" అన్నాడు వ్యాపారి.

చక్రాల కుర్చీలోంచి ఆ తల్లి కసిరింది. "నేను బతికుండగా పెద్ద ఎవర్రా?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కార్డు మాత్రం ఆమె పెద్దకొడుకు మెడలో వేశాను.

ఆ నవ్వు దగ్గర నేను ఆగి ఉండాల్సింది. ఆమె జోకు వెయ్యలేదు, నా ప్రశ్నకు సరైన జవాబు చెప్పింది.

పద్ధతి బ్రహ్మాండంగా పనిచేసింది. గుమ్మం ముందు గోల తగ్గింది, అద్దాలు పగలడం ఆగింది. డాక్టర్ల సమయం మిగిలింది, ఆపరేషన్ థియేటర్ ఖాళీగా ఉండటం తగ్గింది. కార్డు ఎవరికి వెయ్యాలో మా సిబ్బంది నాకంటే త్వరగా కనిపెట్టారు. పర్సు ఎవరి జేబులో ఉంటే వాళ్ళ మెడలో వేసేవారు. ఆడవాళ్ళ మెడలో ఆ కార్డు చూసిన గుర్తు నాకు దాదాపుగా లేదు. ఆ సంగతి అప్పట్లో నాకు తట్టలేదు. షీల్డు గెలిచినదాన్ని, నాకే తట్టలేదు!

దాని మీద పరిశోధన కూడా చేశాను. నాయకత్వం, ఆర్థికం, నీతి, నాణ్యత, ఈ నాలుగూ ఒకే చోట కుదిరిన ఉదాహరణ అని నమ్మాను. ప్రశ్నావళి తయారుచేసి, మా సేవల మీద ఎంత తృప్తి ఉందో అడిగించాను. ఎవరిని అడిగించాను? పెద్దలను. "రోగుల సంతృప్తి" అని పేరుపెట్టిన అధ్యయనంలో రోగి లేడు. వ్యాసం రాశాను, సదస్సుల్లో చదివాను. చప్పట్లు కొట్టారు. నాణ్యత గుర్తింపు కోసం తనిఖీకి వచ్చినవాళ్ళు మెచ్చుకుని వెళ్ళారు. ఇంతమంది చదువుకున్నవాళ్ళలో ఒక్కరు కూడా "రోగి ఏమన్నాడమ్మా?" అని అడగలేదు. అడగలేదని వాళ్ళను తప్పుపట్టే అర్హత నాకు లేదు. గోల లేకపోవడమే నాణ్యత అని అందరం కలిసి ఒప్పేసుకున్నాం.

అద్దాల గది

వానాకాలంలో ఒక మధ్యాహ్నం నాగాయలంక అవతలి పల్లెపాలెం నుంచి ఆదెమ్మ అనే ఆవిడను ట్రాలీ ఆటోలో తెచ్చారు. యాభై దాటిన మనిషి. భర్త లేడు. రేవులో చేపలు కొని, బుట్టల్లో వేసుకుని, చుట్టుపక్కల ఊళ్ళలో అమ్ముతుంది. చేపలు ఏరుతుంటే పాదంలో జెల్ల చేప ముల్లు దిగింది. షుగరున్న ఒళ్ళు. ఊళ్ళో ఏవో కట్లు కట్టించుకుంది. మా దగ్గరికి వచ్చేసరికి పాదం నల్లబడింది.

వెంట ఆమె మరిది శీనయ్య వచ్చాడు. మగవాడు కాబట్టి కార్డు అతని మెడలో పడింది.

ఆ రోజు గుంటూరు వైపు ఆసుపత్రి నుంచి ఇద్దరు పరిపాలనాధికారులు మా పద్ధతి చూసి నేర్చుకోవడానికి వచ్చారు. వాళ్ళను, డాక్టరు పెద్దతో మాట్లాడే గదిలో కూర్చోబెట్టాను. దానికి అద్దాల గోడలు నేనే పెట్టించాను, అంతా పారదర్శకంగా ఉండాలని! బయట వరండాలో స్ట్రెచర్ మీద ఆదెమ్మ ఉంది. జ్వరం ఉంది కానీ తెలివిలో ఉంది. పక్కనున్న నర్సుతో ఫ్యాను ఎటు తిప్పాలో చెబుతోంది.

సర్జన్ కుర్రవాడు, మంచి డాక్టరు. శీనయ్యకు విడమరచి చెప్పాడు.

"రెండు దారులున్నాయండీ. వేళ్ళు, పాదం ముందుభాగం తీసేసి, మడమ నిలుస్తుందేమో చూడ్డం ఒకటి. నిలిస్తే మడమ మీద నడుస్తుంది. నిలవకపోతే మళ్ళీ ఆపరేషన్. ఈలోపు ఇన్‌ఫెక్షన్ ఒంటికి పాకితే ప్రాణానికే ప్రమాదం. రెండోది, మోకాలి కిందకి తీసెయ్యడం. ఒక్కసారితో అయిపోద్ది. నాకైతే ఇదే సేఫ్ అనిపిస్తోంది."

"అంటే... కాలా సార్?" అన్నాడు శీనయ్య.

"అవునండీ."

శీనయ్య కాసేపు చేతులు నలుపుకున్నాడు. "నేనెట్టా చెప్పేది సార్? వదిననోసారి అడిగొస్తా. ఆ తలుపవతలే గదా ఉంది," అంటూ లేచాడు.

నేను అడ్డం వచ్చాను. గొంతు పెంచలేదు, చాలా మృదువుగానే అన్నాను. "కూర్చోండి శీనయ్య గారూ. ఆవిడకి జ్వరం. ఇప్పుడీ మాట చెప్తే బెదిరిపోతుంది. మీరు ధైర్యంగా ఉండాలి. పెద్ద మీరే కదా?"

అతను తన గుండెల మీదున్న కార్డు వంక చూసుకున్నాడు. ఎవరిదో పొరపాటున తన మెడలో పడ్డట్టు చూశాడు. కూర్చున్నాడు.

"మీరెట్టంటే అట్టా," అన్నాడు.

బయట నర్సు ఆదెమ్మతో "కాలు శుభ్రం చేస్తారమ్మా, ఇక్కడ వేలిముద్ర వెయ్యి" అంది. వేసింది. చట్టానికి కావలసింది దొరికింది.

"ఎంత స్మూత్‌గా అయిపోయిందండీ!" అన్నారు అతిథులు. వాళ్ళకు కాఫీ తెప్పించాను.

ఆ పద్ధతి ఎవరండీ?

ఆపరేషన్ అయ్యాక, గాయం మానుతున్న దశలో, ప్రశ్నావళి పట్టుకుని నేనే ఆ వార్డుకు వెళ్ళాను. శీనయ్య మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. "మా సేవలు ఎలా ఉన్నాయండీ?" అని అతన్ని అడిగాను. అతను నేల వంక చూశాడు.

మంచం మీది నుంచి గొంతు వినిపించింది. "నన్నడగరా?"

"చెప్పమ్మా," అన్నాను.

"చెప్పడానికేముంది, అడగండి. అడిగితే గదా చెప్పేది."

ప్రశ్నావళిలో ఉన్న ప్రశ్నలన్నీ పెద్దకే. ఆమే అందుకుంది.

"ఆ రోజు అద్దంలోంచి చూస్తానే ఉన్నా. మీరంతా నా కాలు వంక చూస్తన్నారు. మావాడు లేచాడు. నా దగ్గరకే వస్తన్నాడనుకున్నా. మళ్ళీ కూకున్నాడు. ఎందుకు కూకున్నావురా అంటే వీడు చెప్పడంలా."

"అది మా హాస్పిటల్ పద్ధతమ్మా. పెద్దతో ఒకరితోనే మాట్లాడతాం."

"పెద్దా?" ఆమె నవ్వింది. "మా ఆయన పోయేనాటికి వీడికి మూతి మీద మీసం రాలా. బువ్వ పెట్టింది నేను. వల కొనిచ్చింది నేను. పిల్లని చూసి పెళ్ళి చేసింది నేను. మీ ఆసుపత్రి గుమ్మం దాటేసరికి వీడు నాకు పెద్దయ్యాడా?"

"వదినా, ఊరుకో," అన్నాడు శీనయ్య.

"నువ్వూరుకోరా, పెద్దా!"

పక్క మంచాల వాళ్ళు నవ్వారు. ఆమె మాత్రం నవ్వు ఆపేసి నా వైపు తిరిగింది.

"డాక్టరు గారు చెప్పింది తప్పని నేనడంలా మేడమ్. ఆ కాలు నిలిచేది కాదేమో. కుళ్ళిందేదో చేపలమ్ముకునేదానికి తెలీదా? నన్నడిగితే తీసెయ్యండి అనేదాన్నేమో. లేకపోతే మడమన్నా ఉంచి చూడండి, పోతే పోయా అనేదాన్నేమో. ఏమనేదాన్నో ఇప్పుడు నాకే తెలీడంలా. కాలు పోయినదానికన్నా ఇదే తొలిచేస్తంది నన్ను."

నేను చేతిలోని ప్రశ్నావళి వంక చూశాను.

"పద్ధతి అన్నారు గదా. ఆ పద్ధతి ఎవరండీ? కనపడితే అడుగుతా."

ఆమె మంచం పక్కనే నిలబడి ఉన్న పద్ధతి, "పైవాళ్ళతో మాట్లాడతానమ్మా" అని చెప్పి, ప్రశ్నావళి మడిచి పట్టుకుని, వార్డు దాటి వెళ్ళిపోయింది.

ఛైర్మన్ గారి అద్దాలు

పై అధికారులంటే మీకు కోపం ఉంటుంది. నాకూ ఉండేది. శేషగిరి గారి గురించి మాత్రం న్యాయంగా రాయాలి. నేను చెప్పింది ఆయన చివరిదాకా విన్నారు.

"సర్జన్ నిర్ణయం తప్పా?" అని అడిగారు.

"తప్పు కాదు సార్. అడక్కపోవడం తప్పు."

"వేలిముద్ర ఉంది కదమ్మా?"

"వేలిముద్ర శుభ్రం చెయ్యడానికి వేసింది సార్, కాలు తియ్యడానికి కాదు."

"సరే, అడిగావు. ఆవిడ వద్దంది. అప్పుడు?"

"వద్దంటే వద్దనే సార్. అర్థమయ్యేలా చెప్పాక కూడా వద్దంటే, కాలు ఆవిడది."

"చచ్చిపోతే? ఆ శీనయ్యే పదిమందిని వేసుకొచ్చి అద్దాలు పగలగొడతాడు. నీ ఉపన్యాసం వింటాడా?"

కాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "మూడో అంతస్తు నీకిస్తున్నా. నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి. గోల వచ్చిందా, ఆపేస్తా."

ఇంతమాత్రం అవకాశం ఇచ్చే పై అధికారి మీకు దొరక్కపోవచ్చు. అయినా నా తీర్పు ఇది: నాయకుడి మంచితనం అతని గొంతులో ఉండదు, అతను అడిగే చివరి ప్రశ్నలో ఉంటుంది. ఆయన చివరి ప్రశ్న ఎప్పుడూ అద్దాల గురించే. ఆయన దగ్గర పనిచేసిన నా చివరి ప్రశ్న కూడా అదే అయింది.

మూడో అంతస్తులో పచ్చ కార్డు తీసేశాం. పేషెంటు తెలివిలో ఉంటే ముందు అతన్నే అడగాలి: "మీ జబ్బు సంగతి మీతో మాట్లాడమంటారా? ఇంకెవరితోనైనా మాట్లాడమంటారా? ఎవరితో?" అంతే. ఇందులో కష్టమేమీ లేదు. మొదటిరోజున ఈ మూడు ముక్కలు అడగడానికి మా కౌన్సెలర్ల నోళ్ళు పెగల్లేదు. మంచం మీది మనిషి ముఖంలోకి చూసి మాట్లాడే అలవాటు మాకు అంతగా పోయింది.

మైలవరం నుంచి జోసెఫ్ గారని ఒకాయన చేరారు. మామిడి తోటలున్నాయి, చర్చిలో పాటలు పాడతారు. కాలేయంలో కేన్సర్, ముదిరిపోయింది. అడిగితే ఆయన నింపాదిగా చెప్పారు: "ముందు నాకు చెప్పండి. తర్వాత మా రెండోవాడికి చెప్పండి. పెద్దాడు భయస్తుడు, వాడికి నేను చెప్పుకుంటా."

డాక్టరు చెప్పాడు. ఆయన విని ఒక్కటే అడిగారు. "మామిడి కాపు దాకా ఉంటానాండీ?" డాక్టరు అబద్ధం చెప్పలేదు.

ఇది తెలిసి పెద్దకొడుకు ఊగిపోతూ వచ్చాడు. రిసెప్షన్ దగ్గర పూలకుండీ ఎత్తి నేలకేసి కొట్టాడు. "మా నాన్నకి ఎవరు చెప్పమన్నారు? ఇంటికి పెద్దకొడుకుని, నేనుండగా?" అని అరిచాడు.

ఆ అరుపు విని జోసెఫ్ గారు చక్రాల కుర్చీలో కిందికి వచ్చారు.

"నేనే చెప్పమన్నాన్రా. నా జబ్బు నాక్కాకుండా నీకు చెప్తే, నా నొప్పి కూడా నువ్వే పడతావా?"

కొడుకు అక్కడే కూలబడి ఏడ్చాడు. తండ్రి అతని తల మీద చెయ్యి వేసి, "కుండీ డబ్బులు కట్టు ముందు" అన్నారు.

నా ఉద్యోగ జీవితంలో నేను చూసిన అత్యుత్తమ నాణ్యత అదే. కానీ కుండీ పగిలింది. గోల వచ్చింది. శేషగిరి గారు అన్న మాట ప్రకారం మూడో అంతస్తు ఆపెయ్యమన్నారు.

నేను "సరే సార్" అన్నాను.

ఆదెమ్మ విషయంలో తెలియక చేశానని చెప్పుకోవచ్చు. ఇక్కడ ఆ సాకు లేదు. తెలిసి, కళ్ళతో చూసి, మళ్ళీ పచ్చ కార్డులు తెప్పించి మూడో అంతస్తుకు పంపాను. రాజీనామా చెయ్యలేదు. సదస్సుల్లో ఆ వ్యాసం చదవడం కూడా మానలేదు. కారణాలున్నాయి, రాయను. రాస్తే మీరు నన్ను అర్థం చేసుకుంటారు. అర్థం చేసుకోవద్దు.

"మన సంస్కృతి"

ఇక్కడ మీలో కొందరు చెయ్యెత్తుతారు. "మేడమ్, మన దగ్గర కుటుంబమే నిర్ణయిస్తుంది. అది మన సంస్కృతి. ఒక్కొక్క మనిషి విడివిడిగా నిర్ణయించుకోవడం మనకు అలవాటు లేదు."

సంస్కృతి అనే మాట ఆసుపత్రిలో ఎప్పుడెప్పుడు వినిపిస్తుందో గమనించండి. ఏసీ గది అద్దె చెప్పేటప్పుడు వినిపించదు. డిశ్చార్జి బిల్లు చేతికిచ్చేటప్పుడు వినిపించదు. మంచం మీది మనిషితో కాసేపు కూర్చుని మాట్లాడవలసి వచ్చినప్పుడు మాత్రం సంస్కృతి పరుగెత్తుకొస్తుంది.

పైగా మీరు చెప్పే ఆ సంస్కృతి ఆదెమ్మ ఇంట్లో ఎలా ఉంది? ఆ ఇంటికి పెద్ద ఆమే. ఆ సంగతి శీనయ్యకు తెలుసు, అందుకే లేచాడు. కుటుంబాన్ని గౌరవించినవాడు అతనొక్కడే, అతన్ని కూర్చోబెట్టింది మేము. వాళ్ళ ఇంట్లో లేని పెద్దరికాన్ని మా కౌంటర్లో లామినేషన్ చేసి వేలాడదీసి, దానికి సంస్కృతి అని పేరు పెట్టాం.

"కొంతమందికి వినడం ఇష్టం ఉండదు కదా?" ఉండకపోవచ్చు. ఆ సంగతి కూడా వాళ్ళే చెప్పాలి. జోసెఫ్ గారు తన రెండో కొడుకును ఎంచుకున్నారు. రేపు ఇంకొకాయన "నాకేం చెప్పొద్దు, మా ఆవిడతో మాట్లాడండి" అనవచ్చు. అప్పుడు ఆవిడతో మాట్లాడండి. పేషెంటు ఎంచుకున్న మనిషి పేషెంటు తాలూకు మనిషి. మనం ఎంచిన మనిషి మన తాలూకు మనిషి. ఈ తేడా తెలియడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. చదువుకుని కూడా దాన్ని తెలుసుకోవడానికి నాకు ఒక ఉద్యోగ జీవితం పట్టింది.

పల్లెపాలెం

రిటైరయ్యాక అప్పుడప్పుడు ఒక కాలేజీలో ఆసుపత్రి నిర్వహణ విద్యార్థులకు పాఠం చెప్పడానికి వెళ్తున్నాను. ఈ మధ్య ఒకమ్మాయి లేచి గడగడా అప్పజెప్పింది: "చేరగానే పేషెంటు తాలూకు పెద్దని ఐడెంటిఫై చెయ్యాలి మేడమ్. అన్ని డెసిషన్స్ అతనితోనే."

"పేషెంటు ఒప్పుకోకపోతే?" అని అడిగాను.

"పేషెంటుకి ఇందులో పని లేదు కదా మేడమ్," అంది.

ఆ పిల్ల ముఖంలో ఏ దుర్మార్గమూ లేదు. తన జవాబు సరైనదని నేను తలూపడం కోసం చూస్తోంది. ఆ వాక్యం నాదే, నా ఉపన్యాసంలోదే. ఆ పిల్ల దాకా ఎవరి నోటి ద్వారా వచ్చిందో తెలియదు.

మర్నాడు నాగాయలంక బస్సెక్కాను. పల్లెపాలెంలో ఆదెమ్మ ఇల్లు ఎవరినడిగినా చూపించారు. ఇప్పుడు ఊళ్ళు తిరగడం లేదు. ఇంటి ముందే ఎత్తు బల్ల వేయించుకుని, దాని మీద కూర్చుని అమ్ముతోంది. చంకకర్ర బల్లకు ఆనించి ఉంది. నన్ను గుర్తుపట్టింది.

"ఏం మేడమ్, చేపలకా?"

"కాదమ్మా. అప్పుడొకటి అడిగావు, ఆ పద్ధతి ఎవరని. చెప్పకుండా వెళ్ళిపోయాను. అది నేనే. శీనయ్యని కూర్చోమన్నదీ నేనే."

ఆమె చేతిలో చేపను బల్ల మీద పెట్టింది.

"ఆ గాజుల చెయ్యి ఊపి కూకోమన్నది మీరేనని నాకప్పుడే తెలుసు మేడమ్. అద్దం గదా."

వార్డులో ఆమె నన్ను అడిగింది తెలుసుకోవడానికి కాదు. చెబుతానేమోనని చూసింది.

"నన్ను క్షమించమని అడగడానికి..." అని మొదలుపెట్టాను.

"అదిప్పుడు నాకెందుకు?" అంది ఆమె, తిరిగి చేపను అందుకుంటూ. "నాకు చెప్తే కాలొస్తదా? ఇంకా ఆ కార్డులేస్తానే ఉన్నారంట గదా ఆసుపత్రుల్లో. ఏసేవాళ్ళకి చెప్పండి పోయి."

అందుకే మీకు చెబుతున్నాను.

రేపు పొద్దున డ్యూటీకి వెళ్ళగానే, గుమ్మంలో కేక వెయ్యకండి. స్ట్రెచర్ దగ్గరికి నడవండి. వంగి ఆ మనిషి కళ్ళలోకి చూడండి. తెలివిలో ఉంటే పేరు పెట్టి పిలిచి, "మీ ఒంటి సంగతి ఎవరితో మాట్లాడమంటారు?" అని అడగండి. మెడలో కార్డు వేసుకున్నవాడు అడిగొస్తానని లేస్తే, తలుపు తెరిచి పట్టుకోండి. మీ ఛైర్మన్ వద్దంటే, నాలాగా "సరే సార్" అనకండి. అడగండి.